పరమగీతములో స్త్రీ స్వరము: కోరిక, నెమ్మది, ఆనందము – ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతము

పరమగీతము మన సంఘములలో విచిత్రమైన స్థితిలో ఉన్న గ్రంథము. పెండ్లి పత్రికల మీద దాని వచనములు అచ్చు వేయిస్తాము. పెండ్లి ప్రసంగములో ఒకటి రెండు మాటలు ఎత్తి చదువుతాము. క్రమముగా బైబిలు పఠించే కూటములలో మాత్రము ప్రసంగి ముగియగానే యెషయాకు వెళ్లిపోతాము. మధ్యనున్న 8 అధ్యాయములను వివరించవలసి వచ్చినప్పుడు ప్రియుడు క్రీస్తనియు, ప్రియురాలు సంఘమనియు ఒక్క మాటలో చెప్పి ముగిస్తాము. ఆ విధముగా ఒక స్త్రీ తన దేహమును గూర్చి, తన కోరికను గూర్చి స్వయముగా మాట్లాడే గ్రంథమును స్త్రీ లేని గ్రంథముగా చదవడము మనకు అలవాటైనది.

ఇది కేవలము వ్యాఖ్యాన సమస్య కాదు. వివాహమునకు ముందు కాపరి ఇచ్చే ఉపదేశములో వధువుకు లోబడుటను గూర్చి బోధ ఉంటుంది. దాంపత్యములో ఆమెకు నొప్పి కలిగితే ఏమి చేయాలో, ఇష్టము లేనప్పుడు ఏమని చెప్పవచ్చునో, ఆనందము ఆమెకు కూడా చెందినదో కాదో చెప్పేవారు అరుదు. చెప్పబడనిదానిని ఆమె నిషిద్ధమని అర్థము చేసుకొంటుంది. అందుచేత ఈ వ్యాసములో మూడు ప్రశ్నలను పరిశీలిద్దాము. పరమగీతములో మాట్లాడుతున్నది ఎవరు? ఆ స్వరమును వ్యాఖ్యాతలు ఏమి చేశారు? స్త్రీ దేహమును గూర్చి నేటి వైద్యశాస్త్రమునకు తెలిసిన సంగతులను ఈ కావ్యము ప్రక్కన పెట్టి చదివినప్పుడు సంఘమునకు కలిగే బాధ్యత ఏమిటి?

2. మాట్లాడుతున్నది ఎవరు?

పరమగీతములో 117 వచనములున్నవి. ఏ వచనము ఎవరిదో నిర్ణయించుటలో పండితుల మధ్య కొంత తేడా ఉన్నప్పటికీ, సగము కంటె ఎక్కువ భాగము స్త్రీ పలికినదే. శీర్షిక తరువాత మొదటి మాట ఆమెదే (1:2). గ్రంథములోని కడవరి మాటయు ఆమెదే (8:14). దానికి ముందు వచనములో పురుషుడు చేసే చివరి విన్నపము గమనింపదగినది. ఆమె స్వరము తనకు వినబడవలెనని అతడు కోరుతాడు (8:13). గ్రంథమంతటిలో పురుషుని ఆఖరి కోరిక ఆమె మాట వినుట! ఈ ఒక్క సంగతి మన వ్యాఖ్యానమునకు దిక్సూచి కాదగినది.

ఈ స్త్రీ ఎదురుచూచుటతో సరిపెట్టుకొనదు. ప్రియుని దేహమును శిరస్సు మొదలుకొని పాదముల వరకు తానే వర్ణిస్తుంది (5:10-16). పొలములోనికి పోదము రమ్మని తానే పిలుస్తుంది (7:11-12). పొగడబడే వస్తువుగా కాక, చూచే కన్నుగా నిలుస్తుంది. ప్రాచీన ఐగుప్తు ప్రేమగీతములలోను స్త్రీ స్వరము వినబడుతుంది గనుక ఇది ఆ కాలములో కనీవినీ ఎరుగనిదేమీ కాదు. అయితే దానిని లేఖనముగా భద్రపరచి, తరతరములకు అందించిన సమాజము దానికి ఎంత విలువ ఇచ్చినదో ఆలోచించాలి.

1:5-6 వచనములను కూడా ఇక్కడ జ్ఞాపకము చేసుకోవాలి. ఆమె ఎండలో పని చేసి నల్లబడినది. సహోదరుల కోపము వలన ద్రాక్షతోటల కాపలా ఆమె మీద పడినది. నలుపును, సౌందర్యమును కలిపే చోట హెబ్రీలో ఉన్న సంయోజకమునకు 'మరియు' అనియు, 'అయినను' అనియు రెండు అర్థములు చెప్పవచ్చును. గ్రీకు సెప్టువజింతు మొదటి అర్థమును తీసుకొనగా లతీను వుల్గాతా రెండవదానిని తీసుకొన్నది. ఒకదానిలో ఆమె నల్లనిది, అందగత్తె కూడా. మరొకదానిలో నలుపు ఒక లోపము, అందము దానికి మినహాయింపు. పెండ్లిచూపులలో ఛాయను బట్టి అమ్మాయికి వెల కట్టే మన తెలుగు సమాజములో ఈ తేడా చిన్నది కాదు. తన దేహము చూచి తానే సిగ్గుపడమని చిన్ననాటి నుండి నేర్పబడిన స్త్రీ, పెండ్లినాటి రాత్రి ఆ దేహముతో హాయిగా ఉండగలుగుతుందని ఎలా ఆశిస్తాము?

3. రూపకము మాటున మరుగైన స్త్రీ

పరమగీతమును దేవునికిని ఆయన ప్రజలకును మధ్యనున్న ప్రేమగా చదివే సంప్రదాయము చాలా పాతది. యూదుల తర్గూము దీనిని ఇశ్రాయేలు చరిత్రగా విడమరచినది. రబ్బీ అకీబా ఈ గ్రంథము యొక్క పరిశుద్ధతను ఎంత గట్టిగా సమర్థించాడో మిష్నాలో నమోదై ఉన్నది. క్రైస్తవులలో ఓరిగెను 3వ శతాబ్దములో విస్తారమైన భాష్యము వ్రాశాడు. 12వ శతాబ్దములో క్లేర్వో మఠాధిపతి బెర్నార్దు 86 ప్రసంగములు చేసి కూడా 3వ అధ్యాయపు ఆరంభమును దాటలేదు. ఈ వ్యాఖ్యానము వలన గ్రంథము ఆదరింపబడినది, భక్తి సాహిత్యము సంపన్నమైనది. దానిని తృణీకరించుట మన ఉద్దేశ్యము కాదు.

కాగా అందులో పోగొట్టుకొన్నది ఏమిటో కూడా చెప్పాలి. 1:2లో హెబ్రీ మూలములోని 'దోదీము' అను మాటకు ప్రేమ, ప్రేమతో కూడిన లాలన అని అర్థము. అవే హల్లులను మరొక విధముగా ఉచ్చరిస్తే స్తనములు అను అర్థము వస్తుంది. సెప్టువజింతు, వుల్గాతా ఆ రెండవ పఠనమునే అనుసరించినవి. తత్ఫలితముగా ప్రియుని లాలనను కోరుతున్న స్త్రీ మాట, ప్రియుని స్తనములను పొగడే అర్థముకాని మాటగా మారినది. ఓరిగెను దానిని క్రీస్తు హృదయాంతరంగముగా వివరించవలసి వచ్చినది. మొదటి వాక్యములోనే స్త్రీ కోరిక జారిపోయి, దాని స్థానములో పండితుని చాతుర్యము మిగిలినది.

అక్షరార్థముగా చదివినవారి గతి ఏమైనదో చరిత్ర చెబుతున్నది. మొప్సుయెస్తియ థియొదోరు దీనిని సొలొమోను వివాహ సందర్భపు గీతముగా చూచాడు. ప్రధానముగా క్రీస్తును గూర్చిన బోధ విషయములో 553లో కొన్‌స్టాంటినోపుల్ సభ ఆయనను ఖండించినప్పుడు, ఈ అభిప్రాయము కూడా ఆయన మీద నేరారోపణలలో చేరినది. 1544లో జెనీవాలో సెబాస్టియన్ కాస్తెల్లియో దీనిని లౌకిక ప్రేమకావ్యముగా తలచినందున కాల్విన్‌తో విభేదము కలిగి, పరిచర్యకు అంగీకరింపబడలేదు. ఆశ్చర్యమేమనగా ఇరుపక్షములవారికి ఒక భావము ఉమ్మడిగా ఉన్నది. ఇది నిజముగా స్త్రీ పురుషుల ప్రేమయే అయితే లేఖనములో ఉండదగదని ఇద్దరును తలంచారు. ఒకరు అర్థమును మార్చారు, మరొకరు గ్రంథమునే సందేహించారు.

తెలుగు పాఠకునికి ఈ వరుస క్రొత్తది కాదు. అన్నమాచార్యుని శృంగార సంకీర్తనలలో నాయిక స్వరమును పురుష కవి ధరించినప్పుడు మనము దానిని మధురభక్తి అన్నాము. 18వ శతాబ్దములో తంజావూరు ఆస్థానమునకు చెందిన ముద్దుపళని 'రాధికా సాంత్వనము'లో ఒక స్త్రీగా స్త్రీ కోరికను వ్రాయగా తీర్పు వేరుగా వచ్చినది. కందుకూరి వీరేశలింగము ఆ కావ్యమును అశ్లీలమని నిరసించారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దానిని పూర్తి పాఠముతో ప్రచురించి, పురుషులు వ్రాసిన శృంగారమునకు లేని అభ్యంతరము దీనికి ఎందుకని ప్రశ్నించారు. మరుసటి ఏడాది ప్రభుత్వము దానిని నిషేధించినది. టంగుటూరి ప్రకాశము ప్రభుత్వ కాలములో, 1947లో, ఆ నిషేధము తొలగినది. శృంగారము ఉన్నదా లేదా అనునది అక్కడ అసలు ప్రశ్న కాదు, నోరు ఎవరిది అనునదే ప్రశ్న. పరమగీతము విషయములో సంఘము ఎదుర్కొన్నదియు అదే ప్రశ్న.

4. రెండవ అంచు: కావ్యమును కరదీపిక చేయుట

20వ శతాబ్దపు ఉత్తరార్ధములో అక్షరార్థ పఠనము తిరిగి బలము పుంజుకొన్నది. 1978లో ఫిల్లిస్ ట్రిబుల్ ప్రచురించిన గ్రంథము ఆదికాండము 2-3 అధ్యాయములను, పరమగీతమును కలిపి చదివి, ఏదెనులో చెడిన పరస్పరత ఈ తోటలో తిరిగి కనబడుతున్నదని చూపినది. దానికి ఆధారముగా ఒక హెబ్రీ పదము ఉన్నది. కోరిక లేక వాంఛ అను అర్థముగల 'తెషూకా' పాత నిబంధనలో మూడే చోట్ల వస్తుంది. ఆదికాండము 3:16లో స్త్రీ వాంఛ భర్త వైపు ఉంటుంది, అతడు ఆమెను ఏలుతాడు. 4:7లో పాపపు వాంఛ కయీను వైపు ఉంటుంది. పరమగీతము 7:10లో మాత్రము పురుషుని వాంఛ స్త్రీ వైపు ఉన్నదని ఆమెయే సంతోషముగా ప్రకటిస్తుంది, అక్కడ ఏలుబడి ప్రస్తావన లేదు. శాపములో వినబడిన పదము ఇక్కడ సంతోషములో వినబడుచున్నది.

అయితే అక్షరార్థమును అంగీకరించిన వారందరును స్త్రీకి న్యాయము చేశారని అనలేము. కొన్ని క్రైస్తవ దాంపత్య ఉపదేశ పుస్తకములు ప్రతి ఉపమానమును ఒక అవయవముగాను, ప్రతి సన్నివేశమును భార్య నిర్వర్తించవలసిన విధిగాను మార్చినవి. రూపక వ్యాఖ్యానము ఆమె దేహమును మాయము చేయగా, ఇది ఆమె మనస్సును మాయము చేసినది. రెండింటిలోను ఆమె మాట ఆమెది కాకుండా పోయినది.

4:12 నుండి 5:1 వరకు గల భాగమును నిదానముగా చదివితే ఈ పొరపాటు తెలుస్తుంది. మొదట తోట మూయబడి ఉన్నది. అతడు దానిని పొగడుతాడు గాని తెరవడు. అప్పుడు ఆమె గాలిని పిలిచి తన తోట మీద వీచమంటుంది. హెబ్రీలో ఆమె మొదట 'నా తోట' అంటుంది, అదే వచనములో వెంటనే ప్రియుడు 'తన తోట'కు రావలెనని అంటుంది (4:16). ఆ తరువాతనే అతడు ప్రవేశిస్తాడు (5:1). నాది అని చెప్పగలిగిన తరువాతనే నీది అని ఇవ్వగలిగినది. ఈ వరుసను తలక్రిందులు చేసిన ఏ ఉపదేశమును పరమగీతము పేరు చెప్పుకొనదగదు.

5. దేహమును గూర్చి తెలిసిన సంగతులు

1966లో మాస్టర్స్, జాన్సన్ అను ఇద్దరు అమెరికా పరిశోధకులు లైంగిక స్పందనను ఉద్దీపన, నిలకడ, భావప్రాప్తి, ఉపశమనము అను నాలుగు దశలుగా వివరించారు. 1979లో హెలెన్ కాప్లాన్ కోరికను కూడా ఒక దశగా చేర్చి దానిని ముందు పెట్టారు. ఈ నమూనాలలో అన్నియు ఒక సరళరేఖ మీద నడుస్తాయి. కెనడా వైద్యురాలు రోజ్‌మేరీ బాసన్ 2000లో వేరొక చిత్రమును ఇచ్చారు. చాలామంది స్త్రీలలో, ముఖ్యముగా దీర్ఘకాలపు దాంపత్యములో, కోరిక ముందుగా ఉండకపోవచ్చును. సాన్నిహిత్యము, ఆదరణ, తగిన స్పర్శ లభించినప్పుడు ఉద్దీపన మొదలై దాని వెంట కోరిక మేల్కొంటుంది. కనుక ముందుగా కోరిక కలుగని స్త్రీ చల్లనిదనియు, ప్రేమ లేనిదనియు అనుట తప్పు. అదే కాలములో బాన్‌క్రాఫ్ట్, జాన్సెన్ మరొక సంగతి సూచించారు. లైంగిక స్పందనలో ముందుకు నడిపే శక్తితో పాటు ఆపే శక్తి కూడా ఉన్నది. భయము, అలసట, సిగ్గు, పిల్లలు మేల్కొంటారను ఆందోళన, మనస్సులో మిగిలిన కోపము ఆ రెండవదానికి బలమిస్తాయి.

దేహ నిర్మాణము విషయములోను ఆలస్యముగానే తెలిసినది. ఆస్ట్రేలియా శస్త్రవైద్యురాలు హెలెన్ ఓకానెల్ 1998లోను 2005లోను ప్రచురించిన పరిశోధనలు, స్త్రీ ఆనందమునకు ముఖ్యస్థానమైన క్లిటోరిస్ పైకి కనబడే చిన్న భాగము మాత్రమే కాదనియు, దాని అధిక భాగము లోపల యోని ప్రక్కల విస్తరించి ఉన్నదనియు స్పష్టము చేసినవి. ఎక్కువమంది స్త్రీలకు కేవలము సంయోగము వలన భావప్రాప్తి కలుగదు, ఈ భాగమునకు స్పర్శ అవసరము. ఉద్దీపనకు వ్యవధి ఇచ్చినప్పుడు రక్తప్రసరణ పెరిగి, యోని తడిసి, సడలుతుంది. వ్యవధి ఇవ్వనప్పుడు ఒరిపిడి, నొప్పి. అయితే ఒక హెచ్చరిక అవసరము. దేహము తడిసినంత మాత్రమున మనస్సు అంగీకరించినట్లు కాదు. స్త్రీలలో ఈ రెండును తరచుగా ఏకీభవించవని పరిశోధనలు చూపినవి. సమ్మతిని దేహములో వెదకరాదు, నోటి నుండి వినాలి.

నొప్పిని గూర్చి ప్రత్యేకముగా చెప్పాలి. ప్రసవము తరువాత పాలిచ్చే కాలములోను, ముట్లుడిగిన తరువాతను ఈస్ట్రోజన్ తగ్గి యోని పొడిబారుతుంది. మధుమేహము, కొన్ని మానసిక వ్యాధుల మందులు స్పందనను మందగింపజేస్తాయి. కొందరిలో కటి కండరములు తమంతట తామే బిగుసుకొని సంయోగమును అసాధ్యము చేస్తాయి. ఇది మొండితనము కాదు, చికిత్స ఉన్న స్థితి. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘము తన వ్యాధి వర్గీకరణలో దీనిని, సంయోగపు నొప్పిని ఒకే శీర్షిక క్రింద చేర్చినది. కండరముల వ్యాయామము, జారుడు ద్రవములు, వైద్యుని సలహాతో స్థానికముగా వాడే ఈస్ట్రోజన్, మాటల ద్వారా ఇచ్చే చికిత్స చాలామందికి మేలు చేస్తాయి.

6. 5వ అధ్యాయములోని తలుపు

ఈ వెలుగులో 5:2-6 చదువుదాము. ప్రాచీన కావ్యములో నేటి వైద్య సిద్ధాంతమును వెదకుట మన పని కాదు. ఆ కవికి బాసన్ నమూనా తెలియదు. కాని కవులు దేహమును దగ్గరగా చూచినవారు. ఆమె పండుకొన్నది. అతడు వచ్చి తలుపు తట్టి పిలుస్తాడు. ఆమె వస్త్రము తీసివేసినది, పాదములు కడుగుకొన్నది, లేవడానికి సంకోచిస్తుంది. అతడు తలుపు సందులో చెయ్యి పెట్టినప్పుడు ఆమె అంతరంగము కదలుతుంది. అప్పుడు లేచి తలుపు తీస్తుంది. కోరిక పిలుపునకు ముందు లేదు, పిలుపునకు స్పందనగా పుట్టినది. దానికి కొంత సమయము పట్టినది. అతడు ఆ సమయము వరకు నిలువలేదు. ఆమె తలుపు తీయునప్పటికి అతడు వెళ్లిపోయాడు.

ఇక్కడ రెండు సంగతులు గమనార్హము. మొదటిది, గడియ లోపలి ప్రక్కన ఉన్నది, తలుపు తీయవలసినది ఆమెయే. అతడు దానిని బద్దలు కొట్టలేదు. రెండవది, ఆమె సంకోచమును కావ్యము పాపమని ఎక్కడను పిలువదు. మన ప్రసంగములలో మాత్రము ఇది సంఘపు నిర్లక్ష్యమునకు గద్దింపుగా మారినది. ఆ తరువాత కావలివారు ఆమెను కొట్టి గాయపరచినప్పుడు (5:7) దానిని తగిన శిక్షగా వివరించినవారు కూడా ఉన్నారు. వీధిలో స్త్రీని కొట్టిన కావలివారి పక్షమున వాదించే వ్యాఖ్యానము ఎంత ఆత్మీయముగా ధ్వనించినా తిరస్కరింపదగినదే.

మూడు సార్లు వినబడే పల్లవి (2:7, 3:5, 8:4) కూడా ఈ సందర్భములో క్రొత్తగా వినబడుతుంది. ప్రేమ తానుగా ఇష్టపడే వరకు దానిని లేపవద్దని ఆమె యెరూషలేము కుమార్తెల చేత ప్రమాణము చేయిస్తుంది. మనము దీనిని యౌవనస్థులకు వివాహమునకు ముందు చేసే హెచ్చరికగా మాత్రమే వాడుతున్నాము. వివాహపు మంచము దగ్గరను ఆ మాట చెల్లుతుంది.

7. హక్కు ఎవరిది?

దాంపత్యములో భార్య నిరాకరించరాదని చెప్పుటకు 1 కొరింథీయులకు 7:3-5 తరచుగా ఉదహరింపబడుతుంది. ఆ వాక్యభాగములో పౌలు మొదట బాధ్యుని చేసినది భర్తను. భార్య దేహము మీద భర్తకు అధికారమున్నదని చెప్పిన నోటితోనే భర్త దేహము మీద భార్యకు అధికారమున్నదని చెప్పుట ఆ కాలపు గ్రీకు, రోమా సమాజములో సామాన్యమైన మాట కాదు. ఎడబాటుకు కూడా ఉభయుల సమ్మతి కావలెను అంటాడు. ఎడబాటుకే సమ్మతి అవసరమైతే కలయికకు అక్కరలేదా?

నిర్గమకాండము 21:10 ఇంకను స్పష్టము. ఆహారము, వస్త్రము, వాటితో పాటు దాంపత్య ధర్మము స్త్రీకి తక్కువ చేయరాదు. అక్కడి 'ఓనా' అను పదమును రబ్బీలు భార్యకు భర్త చెల్లించవలసిన దాంపత్య ఋణముగా గ్రహించారు. మిష్నాలో కెతుబోతు 5:6 దానికి వృత్తిని బట్టి లెక్క కూడా చెబుతుంది: కూలివానికి వారమునకు రెండు సార్లు, గాడిదలు తోలేవానికి వారమునకు ఒకసారి, ఒంటెలు తోలేవానికి 30 దినములకు ఒకసారి, నావికునికి 6 నెలలకు ఒకసారి. ఈ లెక్క నేడు మనకు నవ్వు పుట్టించవచ్చును. కాని ఆ లెక్కలో అప్పులవాడు భర్త, హక్కుదారు భార్య. మన బోధలో అది ఎప్పుడు తారుమారైనదో మనలను మనము ప్రశ్నించుకోవాలి. 2005 నాటి గృహహింస నిరోధక చట్టము లైంగిక హింసను కూడా గృహహింసలో చేర్చినది. దేశ చట్టము పేరు పెట్టి పిలిచిన హింసను సంఘము విధేయత అని పిలువకూడదు.

8. ముగింపు

పై పరిశీలన వలన తేలినది ఇది. పరమగీతము దాంపత్య పాఠ్యపుస్తకము కాదు, కేవలము ఆత్మీయ రూపకమును కాదు. అందులో ఒక స్త్రీ తన దేహమును తనదిగా ఎరిగి, తన ఇష్టముతో పిలిచి, తన సమయములో తలుపు తీస్తుంది. ఆమె ఆనందము సంతానము కొరకని గాని భర్త తృప్తి కొరకని గాని గ్రంథము ఎక్కడను సంజాయిషీ చెప్పదు. కడపట ఆమె తనను ప్రాకారముతో పోల్చుకొని, అతని దృష్టికి 'షాలోము' కనుగొన్న దానినని చెబుతుంది (8:10). కోరికయు నెమ్మదియు అక్కడ ఒకే స్త్రీలో కలిసినవి.

సంఘమునకు కొన్ని పనులు మిగిలి ఉన్నవి. వివాహ పూర్వ ఉపదేశములో వధువుతో మాట్లాడుటకు శిక్షణ పొందిన స్త్రీ ఉండాలి. నొప్పి భరించవలసిన సిలువ కాదనియు, వైద్యురాలికి చూపించవలసినదనియు చెప్పాలి. వరునికి నిరీక్షణ నేర్పాలి. వేదాంత కళాశాలలలో పరమగీతము బోధించే గదిలో ఒక స్త్రీ వైద్యురాలి పాఠము కూడా ఉండాలి. ఇది మనకు పరాయి పద్ధతి కాదు. పురుష వైద్యుని ముందు నోరు తెరవలేని స్త్రీల కొరకే 1883లో డాక్టరు అన్నా కుగ్లర్ గుంటూరుకు వచ్చారు. స్త్రీ దేహపు బాధను స్త్రీయే వినవలెనని తెలుగు సంఘము నాడే ఎరుగును. ఆమె ఆనందమును గూర్చి కూడా వినే చెవి నేడు కావలెను.

ఆమె స్వరము వినవలెనని పరమగీతములోని ప్రియుడు కడవరిగా వేడుకొన్నాడు. ఆ వేడుకోలునకు జవాబిచ్చుటకు ఆమె సిద్ధముగానే ఉన్నది. అడగవలసినది మనము.